పోటు రాకముందే



ఈ వేసవిలో మనలో కొందరు సెయింట్ కత్‌బర్ట్స్ వే నడవాలని సిద్ధపడుతున్నారు. "పాస్టర్ గారూ, మీరు ఒకసారి నడిచారు కదా, ఏమేం తెచ్చుకోవాలి?" అని ఆరాధన అయ్యాక చాలామంది అడుగుతున్నారు. ఆ సంగతులన్నీ చెబుతాను. వాటితో పాటు, ఆ దారిలో ప్రభువు నాకు నేర్పిన ఒక పాఠం కూడా చెప్పాలి. మన వాక్యభాగం మత్తయి సువార్త 5వ అధ్యాయం, 23, 24 వచనాలు. దయచేసి బైబిలు తెరిచి ఒకసారి చదువుకోండి.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. నడిస్తే రక్షణ రాదు. సిలువలో క్రీస్తు ముగించిన పనికి మన కాళ్ళు కలిపేదేమీ లేదు. మరి ఎందుకు నడవడం? దేవుని ప్రజలు పండుగలకు యెరూషలేముకు నడిచి వెళ్ళేవారు. 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలకు యాత్రకీర్తనలనే పేరుంది. పన్నెండేళ్ళ యేసు కూడా అలాంటి యాత్రికుల గుంపులో నడిచినవాడే. ఇంట్లో, ఆఫీసులో మనం పని వెనుక దాచుకున్నవి నడకలో దాగవు. అందుకే నడవాలి.

ఈ దారి స్కాట్లాండ్‌లోని మెల్రోజ్‌లో మొదలై, ఇంగ్లండ్ తూర్పు తీరాన ఉన్న లిండిస్‌ఫార్న్, అంటే హోలీ ఐలాండ్‌లో ముగుస్తుంది. సుమారు 100 కిలోమీటర్లు, 62 మైళ్ళు. కత్‌బర్ట్ 651 ప్రాంతంలో మెల్రోజ్ మఠంలో చేరాడు. తరువాత లిండిస్‌ఫార్న్‌లో సేవ చేశాడు. 687లో దానికి దగ్గరలోనే ఉన్న ఇన్నర్ ఫార్న్ దీవిలో ప్రభువునందు నిద్రించాడు. ఆయన జీవితం నడిచిన వైపే మనమూ నడుస్తామని 1996లో ఈ దారిని తెరిచారు. గట్టివాళ్ళు నాలుగు రోజుల్లో నడుస్తారు. పిల్లలు, పెద్దలు ఉన్న మన గుంపుకి ఆరు రోజులు పెట్టుకుందాం. దారిలో ఊళ్ళు చిన్నవి, గదులు తక్కువ. బస ముందే బుక్ చేసుకోవాలి.

ఇప్పుడు సంచి సంగతి. మీ బరువులో పదోవంతుకి మించి వీపున మోయకండి. నేను వెళ్ళినప్పుడు గాజుసీసాలో ఆవకాయ, నాలుగు జతల బట్టలు, ల్యాప్‌టాప్ కూడా పెట్టుకున్నాను. మెల్రోజ్ దాటగానే ఎయిల్డన్ కొండలెక్కాలి. అక్కడే నాకు బుద్ధి వచ్చింది. హెబ్రీయులకు 12:1లో పాపాన్ని మాత్రమే కాదు, ప్రతి భారాన్నీ విడిచిపెట్టమని ఉంది. ఆవకాయ పాపం కాదు. కానీ కొండెక్కేటప్పుడు అది భారం. మీరు రెండు జతల బట్టలు, వాన కోటు, వెచ్చని స్వెట్టరు, నీళ్ళు, మందులు, కాగితం మ్యాపు తెచ్చుకుంటే చాలు. చెవియట్ కొండల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. గొర్రెలు మేసే పొలాల గుండా వెళ్తాం కాబట్టి గేటు ఎలా ఉంటే అలాగే వదిలి రండి.

రెండోది పాదాలు. కొత్త బూట్లతో ఎవరూ రావద్దు. ఇప్పటినుంచే ప్రతి శనివారం అవే బూట్లతో, అదే సంచితో రెండు మూడు గంటలు నడవండి. ఉన్ని సాక్సులు మూడు జతలు ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, మడమ దగ్గర కొంచెం మంటగా అనిపించగానే ఆగాలి. అక్కడే కూర్చుని, బూటు విప్పి, టేపు అతికించుకోవాలి. అయిదు నిమిషాల పని.

ఆ అయిదు నిమిషాలు నేను ఆగలేదు. రెండో రోజు మొదలైన మంటను ఎవరికీ చెప్పలేదు. పాస్టర్ని కదా, అందరికంటే ముందు నడవాలి కదా అనుకున్నాను. ఈ దారిలో అన్నిటికంటే ఎత్తయిన వైడోపెన్ కొండ, 368 మీటర్లు, పళ్ళు బిగబట్టి ఎక్కాను. వూలర్ చేరేసరికి సాక్సు రక్తంతో అంటుకుపోయింది. అప్పటికి దాచడానికి ఏమీ మిగల్లేదు.

మూడోది, గుంపు నడక. ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు తన అన్న ఏశావుతో అంటాడు, పిల్లలు పసివాళ్ళు, మందలు పాలిచ్చేవి, కాబట్టి వాళ్ళ నడకకు తగ్గట్టు మెల్లగా వస్తానని. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచండి. వారి నడకే గుంపు నడక. చివరి రెండు రోజులూ మా గుంపుకి అలా ముందు నడిచింది నేనే, కర్ర పట్టుకుని, కుంటుకుంటూ.

నాలుగోది, అతి ముఖ్యమైనది, సముద్రం. చివరి మూడు మైళ్ళు ఇసుక మీద, బురద మీద, వరుసగా పాతిన గుంజల వెంట దీవికి నడవాలి. చాలామంది బూట్లు విప్పి నడుస్తారు. మన ఊళ్ళలో చెప్పులు గుమ్మం బయట విడిచి మందిరంలోకి వెళ్ళినట్టే ఉంటుంది. కానీ ఆ ఇసుక రోజుకి రెండుసార్లు సముద్రం కిందికి పోతుంది. నీరు వెనక్కి పోతున్నప్పుడే, అంటే ఆటు సమయంలోనే బయలుదేరాలి. నీరు అన్నిటికంటే తగ్గే వేళకు దీవి చేరిపోవాలి. కౌన్సిల్ వారు ప్రకటించే సురక్షిత సమయాలు కార్లు వెళ్ళే రోడ్డుకు, నడిచేవారికి కాదు. ఆ తేడా మరచిపోవద్దు. చీకట్లో వద్దు, మంచులో వద్దు. దారిలో స్తంభాల మీద నిలబెట్టిన చిన్న గదులు కనిపిస్తాయి. పోటులో చిక్కుకున్నవారు ప్రాణం దక్కించుకోవడానికి కట్టినవి అవి. వాటిని నమ్ముకుని బయలుదేరకూడదు.

నా కుంటి నడక వల్ల మేము తీరానికి ఆలస్యంగా చేరాం. నీరు అప్పటికే తిరిగింది. పన్నెండుమంది మర్నాటి దాకా ఆగాల్సి వచ్చింది. ఇద్దరికి రైలు టికెట్లు పోయాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను దాచిన పుండుకు వాళ్ళందరూ వెల చెల్లించారు.

ఆ సాయంత్రం ఒడ్డున కూర్చుని మనం ఇందాక చదివిన వాక్యం చదివాను. బలిపీఠం దాకా వచ్చినవాడికి తన సహోదరుడు గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమంటాడు ప్రభువు. నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు. నాన్న పోయాక ఊళ్ళో ఇంటి పంపకం దగ్గర మాటా మాటా పెరిగి, మూడేళ్ళుగా మా మధ్య పలకరింపు లేదు. అదీ మొదట చిన్న మంటే. అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే పోయేది. నేను దాచాను, నడిచాను, ప్రసంగాలు కూడా చేశాను. దానికి మా అమ్మ వెల చెల్లించింది. ఇద్దరు కొడుకులూ ఒకేసారి కనిపించని పండుగలు మూడు చూసింది.

మర్నాడు ఆటు సమయంలో ఇసుక దాటి దీవి చేరాం. మధ్యాహ్నానికి మా వెనుక సముద్రం మూసుకుపోయింది. అక్కడినుంచే అన్నయ్యకు ఫోన్ చేశాను. ఇండియాలో అప్పటికి రాత్రయింది. భయపడి ఎత్తాడు. "ఏరా, అందరూ బాగానే ఉన్నారా?" అన్నాడు. "బాగానే ఉన్నాం అన్నయ్యా. తప్పు నాది" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

ఇంటి సంగతి ఇంకా తేలలేదు. కానీ ఆదివారం ఆదివారం మాట్లాడుకుంటున్నాం.

ప్రియులారా, పరదేశంలో ఉన్న మనకు ఇలాంటివి దాచుకోవడం సులువు. మధ్యలో సముద్రం ఉంది, టైము తేడా ఉంది, పని ఉంది. కానీ ఆటు ఎప్పటికీ ఉండదు. అన్నయ్యలకు వయసు మీద పడుతోంది. అమ్మలు ఎదురుచూస్తున్నారు. యాత్రకు సంచి సర్దుకునే ముందు ఒక్క ఫోన్ చేయండి. నడకకు రాలేనివారు కూడా ఈ పని చేయగలరు. దారి తెరిచి ఉన్నప్పుడే దాటండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకపు తండ్రీ, మేము దాచిన గాయాలు నీకు తెలుసు. మంట చిన్నగా ఉన్నప్పుడే ఆగే బుద్ధి మాకు దయచేయుము. మా నడకకు తగ్గట్టు నడిచే నీ కుమారుని వెంట మమ్మల్ని నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.