కాలి పట్టీ దాచకు తల్లీ

తల్లీ,

కొత్త లెన్స్ కొన్నావనీ, ఈ శనివారం గ్లోస్టర్‌షైర్‌లోని న్యూఎంట్ వెళ్లి డేగల్ని తీస్తావనీ మీ నాన్న చెప్పాడు. మంచి చోటే ఎంచుకున్నావు. ఫిలిప్ గ్లేసియర్ అనే డేగల పెంపకందారు 1967లో పెట్టిన కేంద్రం అది. తర్వాత ఆయన కూతురు జెమీమా ప్యారీ-జోన్స్ నడిపించారు. మన రాబందులకూ ఆ కేంద్రానికీ చుట్టరికం ఉంది. డైక్లోఫెనాక్ మందు ఎక్కిన పశువుల కళేబరాలు తిని 1990లలో మన రాబందులు మందలు మందలుగా చచ్చిపోయాయి కదా, ఆ తర్వాత హర్యానాలోని పింజోర్‌లో వాటిని పెంచి పిల్లల్ని తీయించే పనికి సాయం చేసినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. అందుకని ‘పాపం, కట్టేసిన పక్షి’ అని మొహం చిన్నబుచ్చుకుని వెళ్లకు. అలాగని అది కట్టేసిన పక్షి కానట్టు ఫొటో తీసుకునీ రాకు. నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా చేతిపని.

ఆ చేతిపని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి దొరకదు. అడవిలో గద్ద కనిపించడానికే రోజు గడిచిపోతుంది, ఇక వెలుగు గురించి ఆలోచించే తీరికెక్కడ? ఆ కేంద్రంలో పక్షి నీ ఎదుట దిమ్మ మీద గంటసేపు కూర్చుంటుంది. చేరగానే టకటకా నొక్కెయ్యకు. దాని వెనకాల ఏముందో ముందు చూడు. కంచె కర్రో, ఎవరిదో ఎర్ర కోటో ఉంటే రెండడుగులు పక్కకు జరుగు. నేల మీద మోకాళ్లు ఆనించి లెన్స్‌ను పక్షి కంటి ఎత్తుకు దించు. వెనకున్న గడ్డి దూరమైపోయి పచ్చటి పొగలా కరుగుతుంది. ప్యాంటు తడిస్తే తడవనీ.

ఫోకస్ కంటి మీదే ఉండాలి. అయిదు మీటర్ల దూరంలో 400 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 పెడితే స్పష్టంగా వచ్చే లోతు నాలుగైదు సెంటీమీటర్లు, అంతే. పెద్ద గద్ద ముక్కు కొసకూ కంటికీ మధ్య అంతకంటే ఎక్కువ దూరమే ఉంటుంది. నీకేసి సూటిగా చూస్తున్నప్పుడు తీస్తే కన్ను నిలబడి ముక్కు మసకబారుతుంది. అప్పుడు ఎఫ్ 8కి వెళ్లు, లేదా తల పక్కకు తిప్పేదాకా ఆగు. నేనైతే ఆగుతాను. ఇంగ్లండ్‌లో మబ్బు పట్టిన ఆకాశం ముందు ఏ పక్షైనా నల్లగా పడుతుంది కనుక ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాలి. చీకటి పొద ముందు తెల్లటి బార్న్ గుడ్లగూబ కూర్చుంటే దానికి ఎదురు, తగ్గించాలి. లేకపోతే ఛాతీ మీది ఈకలన్నీ సున్నం పూసినట్టు కలిసిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి, పక్షిని చదవడం. ఒంటికాలు కడుపులోకి లాక్కుని, గడ్డం కింద ఈకలు ఉబ్బించుకుని కూర్చుందంటే దానికి నీ గొడవ పట్టలేదు. కాసేపటికి ఒళ్లంతా పొంగించి ఒక్కసారి విదిలిస్తుంది. ఆ క్షణం కోసం వేలు సిద్ధంగా ఉంచుకో. తోక ఎత్తి రెట్ట వేసి ముందుకు వంగిందంటే చాలాసార్లు ఎగరబోతోందనే అర్థం. ఈకలన్నీ ఒంటికి అతుక్కుని, సన్నబడిపోయి, కళ్లు నీ మీదే నిలిపిందంటే మాత్రం భయపడుతోంది. దిమ్మ మీంచి దూకి తాడు చివర కొట్టుకుంటే ఇంకా భయం. అలాంటప్పుడు కెమెరా దించి వెనక్కి రా. ఆ ఫొటో ఎంత బాగా వచ్చినా నాకు చూపించొద్దు. గుడ్లగూబ ముందు ఫ్లాష్ వెయ్యకూడదని నీకు వేరే చెప్పాలా?

ఎగిరేటప్పుడు సెకనులో రెండు వేలో వంతు షట్టర్ పెట్టు. పెరెగ్రిన్ డేగ కిందికి దూకితే గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది, దాని వెంట పడి ఉక్రోషపడకు. హారిస్ హాక్, గుడ్లగూబ నిదానంగా వస్తాయి, వాటితో మొదలుపెట్టు. నెత్తి మీంచి పోనిచ్చే పక్షి మరీ దగ్గరకొస్తే లెన్స్ పట్టుకోలేదు. అప్పుడు కెమెరా వదిలేసి కళ్లతో చూడు. వల వెనక ఉన్నవాటికి ఒకటే ఉపాయం. వలలో నీడపడిన చోటు వెతికి లెన్స్‌ను దాదాపు ఆనించి, అపర్చర్ పూర్తిగా తెరిచి, పక్షి వలకు దూరంగా ఉన్నప్పుడు నొక్కు.

ఇక ఆ తోలు పట్టీలు. కాలికి పట్టీ, చిన్న గంట, వేలాడే తాడు అన్నీ ఉంటాయి. కంప్యూటర్‌లో వాటిని చెరిపేయడం ఈ రోజుల్లో నిమిషం పని. చెరపకు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల పోటీలో 2009లో మొదటి బహుమతి ఒక తోడేలు ఫొటోకి వచ్చింది. అది మచ్చిక చేసిన తోడేలే అయివుండాలని నిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. తీసినాయన కాదనే అన్నాడు. నువ్వు పోటీలకు పంపినా పంపకపోయినా, హారిస్ హాక్ కింద ‘ఇంగ్లండ్ పొలాల్లో’ అని రాస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు. అది అమెరికా ఖండాల పక్షి, జట్టుగా వేటాడుతుంది కాబట్టి మనుషులతోనూ తేలిగ్గా కలుస్తుంది. ఆ సంగతే రాయి, చదివేవాడికి ఇంకా బావుంటుంది.

ఇంకొకటి. అక్కడి అలవాటుతో ఇక్కడ దెబ్బతినకు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం డేగనో గుడ్లగూబనో పట్టి ఇంట్లో పెట్టుకోవడం నేరం. సెలవులకొచ్చినప్పుడు ఎవరైనా తాడు కట్టిన గుడ్లగూబను చూపించి ‘వంద ఇస్తే ఫొటో తీసుకోండమ్మా’ అంటే పైసా ఇవ్వకు. అటవీశాఖకు కబురు చెయ్యి. తీయాలనిపిస్తే హైదరాబాద్ జూపార్కుకు తీసుకెళ్తాను, పొద్దున్నే వెళ్దాం.

న్యూఎంట్‌లో పక్షిని ఎగరేసేవాళ్లతో కాసేపు మాట్లాడు. దాని పేరేంటో, ఎన్నేళ్లదో, అక్కడే పుట్టిందో లేదో అడిగి రాసుకో. వాళ్లకు చెప్పడం ఇష్టమే. ఫొటోలు పంపేటప్పుడు ఆ వివరాలూ పంపు. పిన్నికి ఫోకస్, అపర్చర్ అక్కర్లేదు, పక్షికి ఏం తినిపిస్తారో తప్పకుండా అడుగుతుంది.

మీ బాబాయి