దాచి వ్రాసిన ఉత్తరము

ఇంటినుండి ఒకడు సైనికశిక్షణకు పోయినపుడు ఇంటివారికి వానితో మిగులు సంబంధమెల్ల ఉత్తరమే. ఆ ఉత్తరములో ఇంటి కష్టమును దాచవచ్చునా? దాచవచ్చునని మాత్రమే కాదు, దాచితీరవలెననియే లోకము చెప్పును. బిడ్డ అక్కడ కష్టపడుచుండగా ఇక్కడి దుఃఖమును వాని నెత్తిన వేయుట క్రూరమని తల్లులందురు. మేమును 2023వ సంవత్సరమువరకు అట్లే అనుచుంటిమి. అనుటయేగాక ఒకరిచేత చేయించితిమి. దాని ఫలమును చూచిన పిమ్మట ఆ మాటయందు మాకుండిన నమ్మకము సడలినది.

మా అక్కగారి కుటుంబము చాల ఏండ్లుగా అమెరికాలోని న్యూజెర్సీలో నున్నది. వారి కుమారుడు అచ్చటనే పుట్టి పెరిగినవాడు. ఆ దేశములోని మన తలిదండ్రులు పిల్లలు వైద్యులో ఇంజనీర్లో కావలెనని కోరుట అందరెరిగినదే. ఈ పిల్లవాడు ఉన్నతపాఠశాల ముగియగానే మెరైను దళమున చేరెదనని పట్టుపట్టెను. ఆ ఇంట జరిగిన రభసను ఇచట విస్తరింపము. 2023వ సంవత్సరమున వాడు దక్షిణ కెరొలైనా రాష్ట్రమున సముద్రతీరముననున్న ప్యారిస్ ఐలండు శిక్షణాలయమునకు పోయెను. శిక్షణ 13 వారములు. చేరిన రాత్రియే క్షేమముగా చేరితినని చెప్పుటకు ఇంటికొక చిన్న ఫోను చేయనిత్తురు. ఆ చెప్పవలసిన మాటలును ముందే వ్రాసియుంచబడును. అటుపిమ్మట ఫోను వాని చేత నుండదు. తల గొరిగి, అందరికి ఒకే దుస్తులు తొడిగి, నిదుర మొదలు భోజనమువరకు సమస్తమును కేకలమీద నడిపింతురు.

అన్నిటికంటె మమ్ము ఆలోచింపజేసిన నియమము వేరొకటి కలదు. శిక్షకుని యెదుట వారు ‘నేను’ అను మాట వాడరాదు. దాహమైనచో ‘ఈ శిక్షార్థి నీళ్లు త్రాగుటకు అనుమతి కోరుచున్నాడు’ అని తన్నుగూర్చి తానే పరుని గూర్చి చెప్పినట్లు చెప్పవలెను. అహంకారమును అణచుటకు మన వేదాంతులు చెప్పిన ఉపాయములు పెక్కు గలవుగాని వ్యాకరణములోని ఉత్తమపురుషనే నిషేధించినవారిని మేమెరుగము. కనుక పగలెల్ల మూడవ మనిషియై తిరుగు ఆ పిల్లవాడు మరల ‘నేను’ అని వ్రాసికొనగల చోటు ఇంటికి వ్రాయు ఉత్తరమే. వానిని ‘నీవు’ అని పిలుచు చోటు ఇంటినుండి వచ్చు ఉత్తరమే.

రాత్రి పండుకొనుటకు ముందు వారికి సుమారొక గంట సొంతకాలము చిక్కును. ఉత్తరములు చదువుటయు, వ్రాయుటయు, బూట్లు తుడుచుకొనుటయు ఆ గంటలోనే. ఉత్తరములను శిక్షకుడే పేరు పిలిచి పంచును. కవరుపై పువ్వులు బొమ్మలు అంటించుట, తినుబండారములు పంపుట బిడ్డకు మేలు గాదు. అందరి కండ్లును వానిమీద పడును. మొదటి వారమున అక్కగారు సున్నుండలు పంపబోగా బావగారు ఆపిరి.

వాని మొదటి ఉత్తరము వచ్చినది. “అమ్మా, నేను పొరపాటు చేశాను, నన్ను ఇంటికి తీసుకుపొండి” అని అందులో నున్నది. అక్కగారు రెండు రాత్రులు నిదురపోలేదు. ఆ ఉత్తరము వ్రాసిన దినమునకును చేరిన దినమునకును నడుమ ఎనిమిది దినములు గడచినవను సంగతి ఆమెకు తోచలేదు. మూడవనాడు వచ్చిన ఉత్తరమునిండ ప్రక్క మంచమువాని గురకను గూర్చిన పరిహాసమే. మనము చదివి యేడ్చు దుఃఖము వ్రాసినవానికి అప్పటికే పాతబడియుండును. ఇట్టి ఉత్తరములకు గాభరాపడి బదులు వ్రాయువారు నయమైన పుండును రేపుదురు. అక్కగారు ఇది త్వరలోనే గ్రహించి, ప్రశ్నలు లేకుండ, బదులు కోరకుండ, దినమునకొక చిన్న ఉత్తరము వ్రాయసాగెను. పెరటిలో బెండమొక్కలు కాచినవనియు, బావగారు కారు తాళము పోగొట్టుకొనిరనియు, అట్టివే. అంతకంటె మంచి ఉత్తరములను మేము చదివియుండలేదు.

శిక్షణ సగము గడచినది. అపుడు మా తల్లిగారు రాజమహేంద్రవరమున మా యింట కాలధర్మము నొందిరి. ఆ పిల్లవాని అయిదవ యేట ఆమె న్యూజెర్సీ వెళ్లి, కొన్నినెలలుండి, వానికి ఓనమాలు దిద్దించినది. వాడు ఇంటికి వ్రాయు ఉత్తరములలో ‘అమ్మమ్మకు’ అని ఒక అరకాగితము పెద్ద పెద్ద వంకర అక్షరములతో తెలుగున వ్రాసి పెట్టెడివాడు. అక్కగారు దానిని ఫోటో తీసి పంపగా మేము మంచముప్రక్క కూర్చుండి చదివి వినిపించుచుంటిమి.

ఆనాడు అక్కగారు ఫోనులో, “ఏరా, వాడికి రాయనా, వద్దా?” అని అడిగినది. మేము తడుముకొనకుండ, “వద్దక్కా, అంతా అయ్యాక చెబుదువుగాని” అంటిమి. ఆమెకు అబద్ధము వ్రాయుట చేతగాదు. కడకు “అమ్మమ్మకు ఇప్పుడు నొప్పులేమీ లేవు” అని వ్రాసెను. ఆ వాక్యమును కూర్చి యిచ్చినవారము మేమే. ఇరువదియేండ్లుగా పిల్లలకు వాక్యరచన నేర్పుచున్నవారము గదా!

ద్రోణవధకథను తరగతిలో ఎన్నిమారులో చెప్పియున్నాము. ఆచార్యుని చేతినుండి విల్లు జార్చినది బాణము గాదు; కొడుకును గూర్చిన కబురు. సైనికునకు ఇంటి దుర్వార్త శత్రువు చేతి ఆయుధముకంటె వాడియైనదని ఆ కథవలన నేర్చుకొంటిమి, అందుచేతనే దాచుమంటిమి. కాని ద్రోణుడు తక్కినవారి మాట నమ్మక ధర్మరాజునే ఏల అడిగెను? ఆయన బొంకడను విశ్వాసముచేతనే గదా. ఆ విశ్వాసము లేనిచో ఆ వాక్యమునకు బలమే లేదు. ‘నొప్పులేమీ లేవు’ అను మా వాక్యమును సరిగా ఆ జాతిదే. ధర్మరాజు రథము నేలను తాకిన సంగతిని మేము పాఠము చెప్పునపుడు విస్తరింతుముగాని, మా యింట జరిగినపుడు కనులు మూసికొంటిమి.

దాచుమని చెప్పువారి పక్షమున బలము లేకపోలేదు. వాడు సముద్రము దాటి వచ్చి శవమును చూడజాలడు. చేతిలో తుపాకియున్నది, కంటికి చాలినంత నిదుర లేదు. ఒకవేళ సెలవు దొరకినను, తిరిగివచ్చి వెనుకటి జట్టులో చేరవలసివచ్చునేమో. ఇవన్నియు నిజమే. అయినను ఆ దేశమున ఇట్టి వార్తకు వేరొక మార్గము గలదు. ఇంటివారు రెడ్ క్రాసు సంస్థకు తెలిపినచో, వారు వార్తను సరిచూచి సేనాధికారికి అందజేయుదురు. శిక్షార్థికి అతని పైవారి మూలముగా తెలియును. సెలవు అధికారి యిష్టము. రాత్రి గంటలో ఒంటిగా కవరు చించి చదివి కూలబడవలసిన పనిలేదు. బావగారు ఈ యేర్పాటును గూర్చి చెప్పిరి. మేము వలదంటిమి. ఏల వలదంటిమో ఇపుడు విచారించుకొనగా, వాని మనశ్శాంతికంటె మా భయమే అందు హెచ్చుగా కనబడుచున్నది. ఆ దుఃఖమును వానికి చెప్పు మాటలు మాకు దొరకలేదు. దొరకలేదని ఒప్పుకొనలేక దయయను పేరు పెట్టితిమి. అప్రియసత్యము పలుకరాదను పెద్దల మాటను పట్టుకొనువారు, ప్రియమైన అసత్యమును పలుకరాదను ఆ తరువాతి మాటను సులువుగా మరతురు.

శిక్షణ చివర వారికి 54 గంటల కఠినపరీక్ష యొకటి గలదు. చాలీచాలని తిండితో, కొద్దిపాటి నిదురతో, నడక మీద నడక. దానిని దాటినవానికే మెరైనను పేరు. వాడు దాటెను. పట్టప్రదానమునకు ముందునాడు కుటుంబములను కలియనిత్తురు. అక్కగారు ఆనాడు చెప్పినది. వాడు కేకలు వేయలేదట. కొంతసేపటికి, “మరి నేను ఎవరికి రాశాను?” అని మాత్రము అడిగెనట.

అమ్మ పోయిన తరువాత వాడు ఆమెకు వ్రాసిన అరకాగితములు అయిదు. అవి అక్కగారికి చేరుచునే యుండెను. మాకు పంపుచునే యుండెను. మేము చూచుచునే యుంటిమి. అయిదింటిలో ఒకదానియందు, గురిపరీక్షలో నెగ్గితిననియు, ఈ సంగతి అమ్మకంటె ముందు నీకే చెప్పుచున్నాననియు నున్నది.

మరునాడు వాడు తల్లితో, “అక్కడ నాకు నిజమనిపించినవి నీ ఉత్తరాలే. ఇప్పుడు అవన్నీ మళ్ళీ చదివి చూసుకోవాలి” అన్నాడట. బెండమొక్కలు నిజమే, తాళము నిజమే. ఒక్క వాక్యముకొరకు అవన్నియు విచారణకు నిలువవలసివచ్చినవి.

అక్కగారు ఇప్పటికిని, తెలియకుండుటచేతనే వాడు పూర్తిచేయగలిగెనని యందురు. ఆ వాదమును మేము ఖండింపజాలము. తెలిసినను పూర్తిచేసియుండెడివాడేమో, ఆ సంగతి వానికిని తెలియదు, ఎన్నటికిని తెలియబోదు. ఆ అవకాశమును వానికి లేకుండ జేసితిమి.

ఇంటిలోని ప్రతి చికాకును వ్రాయవలెనని మేమనము. కప్పు కారుచున్నదని, అప్పులవాడు వచ్చెనని, పొరుగువారితో మాటపట్టింపు కలిగెనని వ్రాసి, ఏమియు చేయలేనివానిని తొందరపెట్టుట తప్పు. అవి మనము తీర్చుకొనదగినవి. కాని చావు తీర్చుకొనదగినది గాదు. అందు వానికి పాలు గలదు. ఆ పాలును ఎపుడు అనుభవింపవలెనో నిర్ణయించు అధికారము మనకెవరిచ్చిరి?

పిమ్మట వాడు పదాతిశిక్షణకు పోవునపుడు తల్లీకొడుకులు ముందుగానే మాట్లాడుకొనిరి. “ఏదైనా జరిగితే చెప్పు. ఎలా ఓర్చుకోవాలో మాత్రం చెప్పకు” అని వాడనెనట. మేము వానికి క్షమాపణ వ్రాసితిమి. ఆ అరకాగితములను అక్కగారు కర్మకాండలు ముగిసిన మరుసటి యేడు వచ్చినపుడు మాకిచ్చియుండిరి. వానిని తిరిగి పంపుదుమా యని అడిగితిమి. అవి అమ్మమ్మకు వ్రాసినవనియు, ఆమె పెట్టెలోనే ఉంచుమనియు బదులు వచ్చినది. ఉంచితిమి.