బాగుచేసిన చేతి బాధ్యత

‘మరమ్మతు’ అను పదము అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మన భాషలోనికి వచ్చినది. దానికి మనము నిత్యము వాడు మరియొక మాట ‘బాగుచేయుట’. ఇందులో చేయుటతోపాటు బాగు కూడ ఇమిడియున్నది. వస్తువును విప్పి, మార్చి, మరల బిగించినంత మాత్రమున బాగుచేసినట్లగునా? అయినదని తీర్పు చెప్పవలసినవారెవరు? చిన్నదిగా కనిపించు ఈ ప్రశ్నలో గృహధర్మమునకు సంబంధించిన విషయమొకటి గలదు.

బట్టలుతుకు యంత్రమును ఉదాహరణముగా గొందము. ముందువైపు తలుపుగల వాషింగు మెషీనులో డ్రమ్మును మోయు బేరింగులు అరిగినచో అది గర్జింపసాగును. బేరింగుల వెలకన్న యంత్రమునంతయు విప్పి బిగించు కూలియే తరచుగా అధికము. కనుక ఓపికగల గృహస్థు తానే ఆ పనికి పూనుకొనును. ఇది నిందింపదగినది కాదు. ధనము మిగులును, పారవేయవలసిన వస్తువు మరికొన్నియేండ్లు పనికివచ్చును, నిత్యము వాడు వస్తువు లోగుట్టు తెలియును.

అయితే బిగించిన పిమ్మట యంత్రము తిరిగినను చప్పుడు పోలేదనుకొందము. ‘కొత్త భాగములు గదా, నాలుగు ఉతుకులకు సర్దుకొనును’ అని ఆయన అనును. అదే పని మెకానిక్కు చేసియుండినచో ఈ చప్పుడు విని ఆ సాయంత్రమే అతనిని పిలిపించియుండును. చెవి యొక్కటే, కొలతలు రెండు.

చప్పుడు సాక్ష్యము వంటిది. దబదబ కొట్టుకొన్నచో కాళ్లు సమముగా నున్నవో లేవో, స్ప్రింగు తన కొక్కెమున కూర్చున్నదో లేదో, తొట్టికి బిగించిన కాంక్రీటు దిమ్మె వదులైనదేమో చూడవలెను. వేగముతోపాటు పెరుగు గరగర యైనచో బేరింగునే శంకింపవలెను. కొత్తదైనంత మాత్రమున అది నిర్దోషి కాదు. గూటిలోనికి దింపునప్పుడు వెలుపలి వలయముపై ఒత్తవలసియుండగా లోపలి వలయముపై సుత్తితో కొట్టినచో, ఆ దెబ్బ నడుమనున్న గుండ్ల మీదుగా పోయి అవి దొర్లు దారిలో సొట్టలు పడవచ్చును. నిమిషమునకు 1200 చుట్లు తిరుగు డ్రమ్ము సెకనుకు 20 చుట్లు తిరుగును. కంటికి ఆనని సొట్ట చెవిని చేరుటకు ఆ వేగము చాలును. అనగా దోషము పాత అరుగుదలలో గాక, బాగుచేసిన పనిలోనే పుట్టియుండవచ్చును. అభిమానము ఒప్పుకొనుటకు వెనుదీయునది ఈ సంగతినే.

‘నా యింటి వస్తువు, నా శ్రమ, అడుగువారెవరు?’ అను వాదము గలదు. కాని ఆ యంత్రముతో ప్రతిదినము మెలగునది తరచుగా బాగుచేసినవాడు కాదు. తల్లియో, భార్యయో, పనికి వచ్చు మనిషియో. క్రింది అంతస్తులో పసిబిడ్డను నిద్రపుచ్చుకొనువారును గలరు. బెంగుళూరులోను, చెన్నపట్టణములోను, కటకములోను అన్యభాషా కుటుంబములతో గోడ పంచుకొని బ్రతుకు మనకు ఇది తెలియనిది కాదు. మన సదుద్దేశము గోడ దాటదు, చప్పుడు దాటును.

మరియొక సంగతి. చప్పుడు చేయు దోషము ఒకవిధముగా దయగలది, ముందుగా హెచ్చరించును. విప్పునప్పుడు ఊడదీసిన ఎర్తు తీగను మరల తగిలింప మరచినచో యంత్రము ఏ చప్పుడును చేయదు. లోపలి విద్యుత్తు ఇనుప పెట్టెకు సోకిననాడు తడిచేతితో తాకినవారికి ప్రాణాపాయము. పిలిచి చెప్పు దోషమునే విననివాడు, మౌనముగా నున్న దోషమును వెదకునా?

కనుక ప్లగ్గు తీసి మరల విప్పుట పరాభవము కాదు. అది మొదటి పనిలో మిగిలిన భాగము. తనకు చేతగానిచో తెలిసినవానిని పిలిచి, తాను ఏది విప్పినదియు, ఏది కొట్టినదియు దాచక చెప్పవలెను. స్వయంకృషి గౌరవింపదగినదే. కాని ‘బాగైనది’ అను మాట చేసినవాని నోట గాక, వాడుకొనువారి నోట వెలువడినప్పుడే సార్థకమగును.