పుచ్చుకునే వారికీ మాట ఉంది

మనం దానం చేసేటప్పుడు ఎంత ఇచ్చామో, ఎవరికిచ్చామో లెక్క చూసుకుంటాం. కాని పుచ్చుకునే వారిని ‘మీకేం కావాలి?’ అని అడుగుతున్నామా? ఆపదలో ఉన్నవారికి అన్నం పెట్టడమే గొప్ప, ఇక వారిని అడిగేదేముంది అని చాలామంది అంటారు. ఈ మాట ఎంతవరకు న్యాయమో ఆలోచించాలి.

2017 ఆగస్టు తర్వాత మయన్మార్ సైన్యం దౌర్జన్యాలకు తాళలేక 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు చేరుకున్నారు. వారికి బియ్యం, పప్పు, నూనె అందాయి. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అయితే నెలల తరబడి అవే సరుకులు. చేపలకు, కూరగాయలకు, వంటచెరకుకు దారి లేక కొందరు ఆ సరుకుల్లోనే కొంత అమ్ముకున్నారు. దీన్ని దుర్వినియోగం అనడం తేలిక. వారి అవసరమేమిటో ముందే అడిగి ఉంటే అమ్ముకోవలసిన అగత్యమే ఉండేది కాదు. తర్వాత ప్రపంచ ఆహార కార్యక్రమం, దుకాణంలో కార్డు చూపి కావలసినవి ఎంచుకునే పద్ధతిని విస్తరించింది.

ఇంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. 2018 నవంబరులో శరణార్థులు తమకిచ్చే గుర్తింపు కార్డులపై నిరసన తెలిపారు. వాటిపై ‘రోహింగ్యా’ అన్న పేరు లేదన్నారు. తమ వివరాలు మయన్మార్‌కు చేరతాయని భయపడ్డారు. బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆ వివరాలను మయన్మార్‌కు అందజేసిందని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది. సమ్మతి తీసుకునే చేశామని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెప్పింది. కాదంటే తిండి ఆగిపోతుందేమోనని భయపడేవాడు ‘సరే’ అంటే, దాన్ని సమ్మతి అనగలమా?

‘ఆపద వేళ అడిగే తీరికెక్కడిది?’ అని కొందరంటారు. మునిగిపోయే వాణ్ణి అడిగి లాగనక్కర లేదు, నిజమే. కాని శిబిరాలు ఏళ్ళ తరబడి ఉంటాయి. అడిగేటప్పుడు కూడా ఎవరిని అడుగుతున్నామో చూసుకోవాలి. కాక్స్ బజార్ శిబిరాల్లో ‘మాఝీ’లనే పెద్దలను తొలుత సైన్యమే నియమించింది, ప్రజలు ఎన్నుకోలేదు. వారిని మాత్రమే అడిగితే స్త్రీల మాట, వితంతువుల మాట ఎవరికి వినిపిస్తుంది?

2016 మేలో ఇస్తాంబుల్ సదస్సులో దాత దేశాలు, సహాయ సంస్థలు నిర్ణయాల్లో బాధితులకు చోటిస్తామని ఒప్పుకున్నాయి. 2020 నాటికి నిధుల్లో 25 శాతం స్థానిక సంస్థలకు చేరాలన్నాయి. ఆ లక్ష్యం నెరవేరలేదు.

ఇతరులను తప్పుపట్టి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. జకాత్ పేదవానికి మనం చేసే ఉపకారం కాదు, అది అతని హక్కు. హక్కుదారుణ్ణి తన హక్కు విషయంలోనే నోరు మెదపనీయకపోవడం అన్యాయం కాదా? దానం చేసి దెప్పిపొడవడాన్ని దివ్యఖుర్ఆన్ ఖండించింది. పరస్పర సంప్రదింపులను విశ్వాసుల సుగుణంగా పేర్కొన్నది. ఆ సంప్రదింపుల్లో నిరుపేదకు చోటు లేదని ఎక్కడా చెప్పలేదు.

హైదరాబాదులోని బాలాపూర్ ప్రాంతంలోనూ ఏళ్ళుగా రోహింగ్యా కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. మన ఊళ్ళలోనూ వరద బాధితులున్నారు, అనాథలున్నారు. ఈసారి సరుకులు కొనకముందే వారి గుడిసె దాకా వెళ్ళి, వారేం కోరుకుంటున్నారో అడుగుదాం. వారు కాదన్నా మన సాయం ఆగదని ముందే చెబుదాం. అప్పుడే వారు మనసులోని మాట చెప్పగలుగుతారు.