వచ్చేటప్పుడు ఆగుతాను

ప్రయాణాల్లో మనమందరం అతి తేలికగా అనేసే మాట ఒకటుంది: "వచ్చేటప్పుడు ఆగుతాను." ఆ మాట విలువెంత? ముప్పై ఏళ్ళుగా ఇతరుల ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు సరిచూస్తూ బ్రతికినవాణ్ణి గనుక నా దగ్గర జవాబు ఉండాలి. ఉందనే అనుకునేవాణ్ణి, ఈ వేసవి దాకా.

బరంపురంలో పాత సహోద్యోగి ఇంట పెళ్ళి. హోసూరు నుంచి నా బుల్లెట్ మీద ఒంటరిగా బయలుదేరాను. "ఈ వయసులో ఇదేం పిచ్చి" అంది మా ఆవిడ. రానూపోనూ 2,500 కిలోమీటర్లకు పైమాటే. ఈ చివర మన హోసూరు, ఆ చివర బరంపురం, రెండూ తెలుగు రాష్ట్రాలకు బయటివే. రెండు చోట్లా ఇంట్లో తెలుగు, బోర్డుల మీద మరొకటి. ఈ రెండు కొసల మధ్య ఉన్న తెలుగు నేలను ఒక్కసారైనా రోడ్డు మీద చూడాలని చిన్నప్పటి కోరిక. కృష్ణగిరి, చిత్తూరు, తిరుపతి, నాయుడుపేట, అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి.

మూడో రోజు, బుధవారం, టెక్కలి దాటాక క్లచ్ కేబులు తెగింది. బండి తోసుకుంటూ పోతే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక ముసలి మెకానిక్కు. కేబులు మారుస్తూ అడిగాడు. "ఏ ఊరు బాబూ మీది? తెలుగే గానీ ఈ పక్క మాట గాదు." హోసూరని చెప్పాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. "మా గుంటడు అక్కడే కంపెనీలో పన్జేస్తన్నాడు!" కేబులు ఖరీదు మాత్రం తీసుకున్నాడు, కూలీ తీసుకోలేదు. "ఒచ్చేటప్పుడు సూద్దుం లెండి. ఓపాలి ఆగండి బాబూ, మా ఇంటిది ఆడికి నాలుగు పొంగడాలు కట్టిస్తాది." శుక్రవారం పొద్దున్నే వస్తాను, తప్పకుండా ఆగుతాను అన్నాను. కేబులు అట్టపెట్టె చింపి దాని మీద ఫోను నంబరు రాసిచ్చాడు.

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి బరంపురం నుంచి బయలుదేరాను. మరిచిపోయానని చెబితే సులువు. మరిచిపోలేదు. వెళ్ళేటప్పుడు ఎడమ చేతి వైపున్న షెడ్డు, వచ్చేటప్పుడు డివైడరుకు అవతల ఉంటుంది. షెడ్డు కనబడింది. ముందు సందు దగ్గర తిప్పుకుందామనుకున్నాను. సందు వచ్చేసరికి వెనక లారీ హారను కొడుతోంది, సరే, తరవాతి దాంట్లో చూద్దామనుకున్నాను. తరవాత టెక్కలి వచ్చింది, టీ తాగి వెళ్దామనుకున్నాను. టీ తాగాక బండి ముక్కు ఇంటి వైపే ఉంది. మడపం దగ్గర వంశధార వంతెన దాటి బండి ఆపి మంచినీళ్ళు తాగుతుంటే లెక్క తేలింది. అప్పటికి సుమారు 40 కిలోమీటర్లు వచ్చేశాను. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఇక్కడికి రావడానికి రెండు గంటలు, మే నెల ఎండ, రాత్రికి రాజమండ్రి చేరాలి. షెడ్డు ఎదురుగా ఉన్నప్పుడు ఆ మాట ఖరీదు పది నిమిషాలు. వంతెన దగ్గరికి వచ్చేసరికి, వెనక్కి వెళ్ళడమే తెలివితక్కువ పని అనిపించేంతగా పెరిగింది.

నన్ను ఇప్పటికీ తినేస్తున్న సంగతి ఇదే. ఏ ఒక్క క్షణంలోనూ నేను మాట తప్పాలని నిర్ణయించుకోలేదు. బ్యాంకులో మొండి బాకీలు ఎలా తయారవుతాయో నాకు తెలుసు. కిస్తీ 90 రోజులు దాటితే ఖాతాను నిరర్థక ఆస్తి అంటాం. ఆ తొంభైలో ఏ రోజునా అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడదామనుకోడు. రేపు కడదామనుకుంటాడు, అంతే. అలాంటివాళ్ళకు ఎదురుగా కూర్చుని నీతులు చెప్పినవాణ్ణి నేను.

వంతెన దగ్గర నిలబడి నేను చేసిన పని మరీ సిగ్గుచేటు. బి.కాం.లో చదివిన మర్కంటైల్ లా గుర్తు చేసుకున్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 25వ సెక్షను: ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు. ఆయన నాకేమిచ్చాడు, నేనేమిచ్చాను, ఇది మర్యాదకు అన్న మాటే కదా అని సర్దిచెప్పుకుని కిక్కు కొట్టాను. తుని దాటాక గాని అదే సెక్షనులోని మినహాయింపు గుర్తుకు రాలేదు. మనకు స్వచ్ఛందంగా మేలు చేసినవాడికి తిరిగి ఏదైనా చేస్తామని ఇచ్చిన మాట చెల్లుతుంది. కూలీ తీసుకోకుండా ఆయన చేసింది అదే కదా! పొంగడాల మాటకు అది అక్షరాలా వర్తిస్తుందా అని వకీళ్ళు వాదించుకోవచ్చు. నాకు కావలసిన సగమే నాకు జ్ఞాపకం వచ్చిందన్నది మాత్రం నిజం.

మన సరిహద్దుల్లో పిల్లలు కన్నడంలో పుణ్యకోటి కథ వింటారు. తెలుగులో అదే కథ 15వ శతాబ్దం నాటి అనంతామాత్యుడి భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా ఉంది. దూడకు పాలిచ్చి తిరిగి వస్తానని పులికి మాటిచ్చిన ఆవు కథ. బ్యాంకువాడిగా చూస్తే అది బెదిరింపు కింద ఇచ్చిన మాట, రద్దు చేసుకునే హక్కు ఆవుకు ఉంది. (చట్టం పులులకు వర్తిస్తుందా అన్నది వేరే సంగతి.) ఇన్నేళ్ళూ ఆ కథలో గొప్పతనం ప్రాణానికి తెగించడంలో ఉందనుకున్నాను. ఇప్పుడు వేరుగా తోస్తోంది. ఆవు ఇల్లు చేరింది. ఇంట్లో దూడ ఉంది. ఇంటికంటే మంచి సాకు లోకంలో లేదు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు కూడాను. ఆ సాకును అది వాడుకోలేదు. నేనేమో ఇల్లు ఇంకా 1,000 కిలోమీటర్ల దూరంలో ఉండగానే వాడేసుకున్నాను.

వెళ్ళేటప్పుడు దారిలో ప్రతి మనిషీ నాకు కావలసినవాడే. నా తెలుగు విని ఎవరైనా ఏ ఊరని అడిగితే బండి ఆపి మరీ చెప్పాను. తిరుగు ప్రయాణంలో అదే దారి, అదే మనుషులు, నాకు మాత్రం కిలోమీటరు రాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు.

ఆ కుర్రాడు ఉన్న ఊరు మా ఊరే, వెతకడం పెద్ద పని కాదు. ఇంతవరకూ వెళ్ళలేదు. ఏం పట్టుకుని వెళ్ళను?

పది రోజులయ్యాక అట్టముక్క వెతికి తీసి ఫోను చేశాను. గొంతు గుర్తుపట్టాడు. ఏవో అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను గానీ ఆయన అడగనే లేదు. "పర్నేదు బాబూ. ఆ రోజు సీకటి పడీదాకా సూసాం. పొంగడాలు పాడైపోతాయని పక్కోళ్ళకి పంచీసినాం. మీరు చేమంగా ఎల్లారు గదా?" వెళ్ళానన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"కేబులు బాగా పన్జేస్తందా బాబూ?" అన్నాడు.

పనిచేస్తోందని చెప్పాను.