పండుగ పూట ఇంటి కుక్క ఎక్కడ ఉండాలి?

దీపావళి దగ్గర పడుతోంది. ఎవరింట్లో ఏ రోజు భోజనాలో, ఎవరు పులిహోర తేవాలో, ఎవరు గారెలు వేయాలో ఈపాటికి ఫోన్లలో తేలిపోయి ఉంటుంది. ఆ మాటల్లో ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటుంది. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ఆ రోజు దాన్ని ఎక్కడ ఉంచాలి? వినడానికి చాలా చిన్న విషయం. మేమూ అలాగే అనుకున్నాం. 2019 దీపావళి రాత్రి తర్వాత అలా అనుకోవడం మానేశాం.

మేం ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివారున. పిల్లలు రెండేళ్లు పోరు పెట్టగా పెట్టగా 2017లో ఒక ఆస్ట్రేలియన్ షెపర్డ్ కుక్కపిల్లను తెచ్చాం. పేరులో ఆస్ట్రేలియా ఉన్నా, ఈ జాతి రూపు దిద్దుకున్నది అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువుల క్షేత్రాల్లోనే. బూడిద రంగు ఒంటి మీద నల్లటి మచ్చలు ఉండడంతో పిల్లలు దానికి చుక్క అని పేరు పెట్టారు.

మన పల్లెల్లో గొర్రెల మందల వెంట కుక్కలుండడం మనలో చాలామంది చూసిందే. అవి ముఖ్యంగా కాపలా కుక్కలు. రాత్రిపూట మంద పక్కన పడుకుని, తోడేలు అలికిడైతే లేచి మొరుగుతాయి. చుక్క జాతి పని వేరు. మందను కదిలించడం, మలపడం, విడిపోయిన గొర్రెను తెచ్చి మళ్లీ మందలో కలపడం. ఆ పనికోసమే తరతరాలుగా ఏరి పెంచిన జాతి. వీటి బంధువైన బోర్డర్ కోలీలలో ఛేజర్ అనే కుక్క వెయ్యికి పైగా బొమ్మల పేర్లు గుర్తుపట్టగలదని దక్షిణ కరోలినాలోని పరిశోధకులు 2011లో ప్రకటించారు. అంత తెలివీ, అంత పని యావా ఉన్న జీవాన్ని తెచ్చి మనం కార్పెట్ వేసిన హాల్లో కూర్చోబెడుతున్నాం.

గొర్రెలు లేవు కాబట్టి చుక్కకు మేమే మంద. సాయంత్రం ఒకరు మేడ మీద చదువుకుంటూ, ఇంకొకరు బేస్‌మెంట్‌లో ఆడుకుంటూ ఉంటే, ఇద్దరి అలికిడీ వినబడే చోటు చూసుకుని మెట్ల మీద పడుకుంటుంది. అందరం ఒక గదిలోకి చేరితేగాని దానికి కంటి మీద కునుకు రాదు. పుట్టినరోజు పార్టీల్లో పిల్లలు పరుగెత్తితే చుట్టూ తిరిగి వాళ్లను ఒకచోటికి తోస్తుంది. ఒకసారి ఒక బాబు పాంటు అంచు పట్టి లాగింది కూడా. దాని దృష్టిలో అది ఉద్యోగం. ఆ బాబు దృష్టిలో మాత్రం కుక్క కరవబోయింది. రెండూ నిజమే.

2019 వేసవిలో పిల్లల నాయనమ్మ తెనాలి నుంచి వచ్చారు. ఆవిడకు మడి, ఆచారం గట్టిగా ఉన్నాయి. వచ్చిన రోజే చెప్పారు: "దాన్ని నేను ముట్టుకోను. వంటింట్లోకీ, దేవుడి దగ్గరికీ రానివ్వకండి. మిగతా ఇల్లంతా మీ ఇష్టం." ఇంతే ఆవిడ పెట్టిన షరతు. చుక్క వారంలో నేర్చుకుంది. ఆవిడ పట్టుచీర కట్టుకుని పూజకు కూర్చుంటే వంటింటి గడప ఇవతల ముందుకాళ్లు చాపి పడుకునేది. ఆవిడ కూడా రోజూ వంట కాగానే కాకికి ఒక ముద్ద, దీనికి ఒక ముద్ద తీసి, దీని గిన్నెలో పైనుంచి వేసేవారు. ముట్టుకున్నదీ లేదు, మానిందీ లేదు.

ఆ ఏడు దీపావళి అక్టోబరు 27, ఆదివారం. మా ఇంట్లోనే భోజనాలు. పన్నెండు కుటుంబాలు. కుక్కలంటే భయపడే పిల్లలున్నారు, పెద్దలున్నారు. కొత్త కార్పెట్ వేయించి నెల కాలేదు. మధ్యాహ్నం మూడింటికి చుక్కను గరాజులో పెట్టి తలుపు వేశాం. ఎందుకని పిల్లలు అడిగితే, "నాయనమ్మకు మడి కదా, పూజ రోజు కదా" అన్నాం.

లక్ష్మీపూజ చక్కగా జరిగింది. లోపల పిల్లలు కేకలు వేస్తూ పరుగెడుతుంటే గరాజు తలుపు గీకుతున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉంది. కాసేపటికి అదే సర్దుకుంటుందనుకున్నాం. చీకటి పడ్డాక పెరట్లో మతాబులు, చిచ్చుబుడ్లు వెలిగించాం. పక్క వీధిలో ఎవరో పెద్ద బాణసంచా కాల్చారు. గరాజులో రెండో ఫ్రిజ్ లేని తెలుగు ఇల్లు మనలో అరుదు. అతిథుల్లో ఒకాయన కూల్‌డ్రింకుల కోసం బయటినుంచి వెళ్లి గరాజు పెద్ద తలుపు తీశారు. చుక్క ఆయన కాళ్ల పక్కనుంచి దూసుకుపోయింది. ఆయన తప్పేమీ లేదు. లోపల కుక్క ఉందని తలుపు మీద ఒక చీటీ అయినా మేం అంటించలేదు.

ఆ రాత్రి వడ్డన సగంలో ఆగింది. మగవాళ్లందరూ కార్లేసుకుని వీధులన్నీ తిరిగారు. దాని మెడపట్టీ బిళ్ల మీద ఉన్నది మా పాత ఫోన్ నంబరు. మార్పించాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకు పిల్లల బడి వెనక ఆటస్థలంలో, ఒక బల్ల కింద ముడుచుకుని కనబడింది. రోజూ మధ్యాహ్నం మాతో కలిసి పిల్లల్ని తీసుకురావడానికి వెళ్లే చోటే అది. తలుపు గీకి గీకి ముందుకాళ్ల గోళ్లు రెండు విరిగిపోయి రక్తం కట్టి ఉంది.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ హాల్లో కూర్చునే ఉన్నారు. రాత్రి భోజనం చేయలేదు. పిల్లలెవరో ఆవిడతో అన్నారట, "నీ మడి కోసమే గదా నాయనమ్మా గరాజులో పెట్టింది" అని. ఆవిడ మా వంక చూసి ఒకే మాట అన్నారు: "ముట్టుకోనన్నాను గానీ, వెళ్లగొట్టమన్నానా?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆవిడ గరాజు ఊసే ఎత్తలేదు. మేం చూసుకున్నది కొత్త కార్పెట్టు, వచ్చినవాళ్ల దగ్గర మా ఇంటి మర్యాద, ఒక పూట మా తీరిక. వాటికి మడి అని పేరు పెట్టాం. పైగా ఆ భారాన్ని పెద్దావిడ మీద వేశాం. ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఇదే. మన సౌకర్యం కోసం చేసే పనిని ధర్మం కోసం చేశామని చెప్పుకోవడం ఎంత సులువో, ఆ రాత్రి తెలిసింది.

మరునాడు ఆవిడే బడిలో చదువుకున్న భారతం గుర్తు చేశారు. మన మహాభారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఉంది, చివర్లోనూ ఒక కుక్క ఉంది. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటే దేవతల కుక్క అయిన సరమ కొడుకు అక్కడికి వస్తాడు. రాజుగారి తమ్ముళ్లు ఆ పిల్లను కొట్టి తరుముతారు. సరమ వచ్చి నిలదీస్తుంది. నా బిడ్డ హవిస్సును నాకలేదు, దానివైపు చూడనైనా లేదు, మరి ఎందుకు కొట్టారని అడుగుతుంది. ఎవరూ బదులు చెప్పరు. అప్పుడు ఊహించని భయాలు మీకు కలుగుతాయని శపిస్తుంది. తగునా తగదా అని ఆలోచించకుండా సాధువులనూ దిక్కులేనివారినీ బాధపెట్టేవారి గతి అదేనని నన్నయగారు సరమ చేత చెప్పించిన పద్యం మనలో చాలామంది బడిలో బట్టీపట్టిందే. అంత గొప్ప యాగం చేసిన రాజు ఆ తర్వాత శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరగవలసి వచ్చింది.

ఇక చివరి కథ అందరికీ తెలిసిందే. ధర్మరాజు వెంట ఒక కుక్క నడిచింది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలేసి ఎక్కమన్నాడు. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఇంద్రుడు ఊరికే అనలేదు. కుక్కలున్నవారికి స్వర్గంలో చోటు లేదనీ, కుక్క చూపు పడితే హోమాల ఫలం పోతుందనీ శాస్త్రం చెప్పాడు. ధర్మరాజు ఆ నియమం తప్పని వాదించలేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని నా సుఖం కోసం వదలడం మహాపాపం, ఆ పని నేను చేయను అన్నాడు. మరి తమ్ముళ్లనూ ద్రౌపదినీ దారిలో వదిలి వచ్చావు గదా అని ఇంద్రుడు అడిగితే, వాళ్లు పోయాక వదిలానుగాని బతికుండగా వదలలేదన్నాడు.

ఈ రెండు కథలూ కలిపి చూస్తే మాకు తోచింది ఇది. దూరం ఉంచడం వేరు, వదిలేయడం వేరు. పూజగదిలోకి కుక్క రాకూడదనే ఆచారం ఉన్న ఇంట్లో దాన్ని పాటించడంలో తప్పు లేదు. గృహస్థు రోజూ చేయవలసిన పంచయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. మనం తినే ముందు ఇతర ప్రాణులకు కొంత తీసి పెట్టాలి. కుక్కను ముట్టుకోని పెద్దలే దాని ముద్ద మరిచిపోయేవారు కారు. మా పూజామందిరంలో దత్తాత్రేయుల పటంలో నాలుగు కుక్కలున్నాయి. ఆ పటానికి హారతి ఇచ్చిన రోజునే ఇంట్లో కుక్క ఏడుపు విని ఊరుకున్నాం. నేపాల్‌లో హిందూ కుటుంబాలు తిహార్ పండుగ రెండో రోజున కుక్కలకు బొట్టు పెట్టి, దండ వేసి, మంచి భోజనం పెడతాయి. మనం అంత చేయకపోయినా, మన పండుగ దానికి శిక్ష కాకుండా చూడగలం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అతిథి కూడా మనల్ని నమ్మే మన గడప తొక్కుతాడు. మన దేశంలో వీధికుక్కల మధ్య, రేబిస్ భయం మధ్య పెరిగినవారి భయాన్ని చూసి నవ్వడం మర్యాద కాదు. "మాది ఏమీ చేయదండీ" అంటూ వణికిపోతున్న పిల్లవాడి మీదికి కుక్కను వదలడమూ అధర్మమే. పైగా కుక్క మన ఇంటికి తనంతట తాను రాలేదు. ధర్మరాజు వెంట వచ్చిన కుక్క తానే వచ్చింది. మనం మాత్రం డబ్బిచ్చి, తల్లి దగ్గరనుంచి విడదీసి తెచ్చుకున్నాం. కాబట్టి ఇద్దరినీ చూసుకునే భారం మనదే తప్ప కుక్కదీ కాదు, అతిథిదీ కాదు.

ఆ తర్వాత మేం పాటిస్తున్నవి కొన్ని ఇక్కడ చెబుతాం. పండుగ రోజు పొద్దున్నే గంటన్నర నడిపిస్తాం. పని చేసిన కుక్క పడుకుంటుంది, పని లేని కుక్క గీకుతుంది. అతిథులు రాకముందే మేడ మీద గదిలో దాని పరుపు, నీళ్లు, నమిలే బొమ్మ పెట్టి, కిటికీ తెరలు వేసి, ఫ్యాన్ తిప్పుతాం. ఇంట్లోవాళ్లం అరగంటకొకరం వంతులవారీగా దాని దగ్గర కూర్చుంటాం. ఇప్పుడు ఆ వంతు కోసం పిల్లలే పోటీపడుతున్నారు. తలుపు మీద పెద్ద అక్షరాలతో చీటీ ఉంటుంది. బిళ్ల మీద, చిప్ నమోదు వివరాల్లో ఫోన్ నంబర్లు ఏటా సరిచూసుకుంటాం. చప్పుళ్లకు మరీ బెదిరేవాటికి పశువైద్యులు మందు రాసిస్తారు, ముందుగానే అడగాలి. పిల్లలు ప్రేమతో పెట్టేవాటిలో పాయసంలోని కిస్‌మిస్, ద్రాక్షపళ్లు, చాక్లెట్లు, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. ఉత్త అన్నంలో కొంచెం పెరుగు కలిపి పెడితే అదే దానికి పండుగ.

ఇది కుక్క ఉన్నవాళ్లకే సంబంధించిన సంగతి అనుకోకండి. పండుగ పూట మన ఇళ్లలో పక్కకు జరిగేవాళ్లు ఇంకా ఉంటారు. కారు నడపలేక, టీవీ ముందు ఒంటరిగా కూర్చునే తల్లిదండ్రులు ఉంటారు. గోల భరించలేక గదిలోకి పోయే పిల్లవాడు ఉంటాడు. వాళ్లను కాసేపు వేరుగా ఉండనివ్వడం ఒక్కోసారి వాళ్ల మేలుకే. కాని అది ఎవరి సుఖం కోసమో మనల్ని మనం నిజాయితీగా అడిగి చూసుకోవాలి.

నాయనమ్మ 2019 డిసెంబరులో ఇండియా వెళ్లిపోయారు. తర్వాత కోవిడ్ వచ్చి, రెండేళ్లు మేం వెళ్లలేకపోయాం. ఇప్పుడు ఆవిడకు అంత దూరం ప్రయాణం చేసే ఓపిక లేదు. ధర్మరాజు చెప్పిన "బతికుండగా వదలలేదు" అనే మాట చదివినప్పుడల్లా మాకు ముందు గుర్తొచ్చేది చుక్క కాదు. అందుకే ఏటా ఒకసారైనా అందరం వెళ్లి వస్తున్నాం.

ప్రతి పండుగకూ వీడియోలో పూజ చూపిస్తాం. హారతి కాగానే ఆవిడ అడిగేది ఒకటే: "దానికి పెట్టారా?" చుక్క ఇప్పుడు ముసలిదవుతోంది. ఆ గొంతు వినగానే లేచి వచ్చి, వంటింటి గడప ఇవతలే ఆగుతుంది.

మీకూ, మీ పిల్లలకూ, మీ ఇంటిని నమ్ముకున్న ప్రాణులన్నిటికీ దీపావళి శుభాకాంక్షలు.