కార్డు ముక్కలో చరిత్ర

భారతదేశంలో 1879 జులై 1న పావు అణా ధరతో మొదలైన పోస్టుకార్డు, చరిత్ర గ్రంథాలు అంతగా పట్టించుకోని సామాన్య కుటుంబాల జీవితాన్ని తన కొద్దిపాటి జాగాలోనే పదిలపరచిన విలువైన ఆధారం. తెలుగిళ్లలోని పాత కార్డుల్లో, వయసులో చిన్నదైన ముత్తయిదువ పేరుకు ముందు ‘చి.ల.సౌ.’ అని, అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని, భర్తను పోగొట్టుకున్న స్త్రీ పేరుకు ముందు ‘గం.భా.స.’ అని, అంటే గంగాభాగీరథీ సమానురాలు అని రాసేవారు. స్త్రీ గుర్తింపును సమాజం భర్త ఉనికితో ముడిపెట్టిందనడానికి ఇది స్పష్టమైన సాక్ష్యం. నాలుగు మూలలా పసుపు పూసిన కార్డు చదవకముందే శుభవార్తను తెలియజేసేది. మరణవార్త తెచ్చిన కార్డును చదివిన వెంటనే చింపివేయడం ఆచారం కనుక, నేడు మిగిలిన కట్టల్లో పెళ్లిళ్లు, పురుళ్లు, పంటల కబుర్లు కనిపించినంతగా చావులు కనిపించవు. చదువురానివారు ఇతరుల చేత రాయించుకున్న కార్డుల్లో ఒకరి మాటా మరొకరి దస్తూరీ కలిసి ఉంటాయన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది. అటకల మీది ఆ కట్టలను చిత్తుకాగితాల్లో వేసే ముందు ఇంటి పెద్దల చేత చదివించి, ఎవరు ఎవరికి ఏ సందర్భంలో రాశారో విడికాగితంపై నమోదుచేసి భద్రపరచడం ప్రతి కుటుంబమూ చేయదగిన చరిత్ర సేవ.